క్షయ లేని మండలంలో బొల్లి గొర్రె

మా రాళ్లవాగు మండలంలో క్షయ వ్యాధి లేదు. ఈ సంగతి మండల కార్యాలయం గోడ మీద, ఆసుపత్రి గేటు మీద, మా ఉన్నత పాఠశాల నీళ్ల ట్యాంకు మీద నీలి అక్షరాలతో రాసి ఉంది. పోయిన సంవత్సరం జిల్లా నుంచి ఒక బృందం వచ్చి, మూడు రోజులు ఉండి, రిజిస్టర్లన్నీ తిరగేసి, రోగుల సంఖ్య సున్నా అని తేల్చింది. సున్నాకు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. దానికి అద్దం కట్టించారు.

సున్నా వచ్చిన తర్వాత ఒక ఇబ్బంది మొదలైంది. క్షయ రాకుండా వేసే టీకా ఆరువేల డోసులు మిగిలిపోయి ఉన్నాయి. వాటి గడువు మార్చితో తీరిపోతుంది. వెనక్కి పంపితే అంచనా తప్పిందని ఒప్పుకున్నట్టు. మనుషులకు వేస్తే లేని రోగానికి వేసినట్టు. ఈ చిక్కు తీర్చడానికి జిల్లా నుంచి ప్రత్యేకాధికారి పురందర్ గారు వచ్చి సమావేశం పెట్టారు. ఆ ఏడాది నేను పాఠశాల తరఫున అన్ని సమావేశాలకూ హాజరయ్యేవాణ్ణి. ఇంట్లో నా కోసం ఎదురుచూసే పని ఏదీ లేదు.

"వ్యాధి మన మండలంలోని మానవ జనాభాను విడిచి వెళ్లినట్టు గణాంకాలు స్పష్టం చేస్తున్నాయి" అన్నారు పురందర్ గారు. "విడిచి వెళ్లినది శూన్యంలో కలిసిపోదు. ఎక్కడో ఒకచోట ఆశ్రయం పొంది ఉండాలి. కాబట్టి ప్రథమంగా పరిశీలించవలసింది ఏమిటంటే, మన మండలంలో మనుషుల తర్వాత అధిక సంఖ్యలో నివసిస్తున్నది ఎవరు?"

"గొర్రెలు సార్" అన్నాడు వెనక వరసలోంచి ఎవరో. "తర్వాత కాదు, మనుషులకన్నా ఎక్కువే ఉంటాయి."

పశువైద్యాధికారి లేచి నిలబడ్డాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. "సార్, గొర్రెలకు ఈ జబ్బు రావడం చాలా అరుదు."

"అరుదు అంటున్నారు. లేదు అనడం లేదు."

"లేదని అనలేము సార్, కానీ..."

"వ్యాధికి అవకాశం ఉన్నట్టు పశువైద్యాధికారి ధ్రువీకరించారు" అని పురందర్ గారు పక్కనున్న గుమాస్తాకు చెప్పారు. గుమాస్తా రాసుకున్నాడు. పశువైద్యాధికారి కూర్చున్నాడు. ఆ తర్వాత అతను ఏ సమావేశంలోనూ లేచి నిలబడగా నేను చూడలేదు.

గొర్రెలకు క్షయ టీకా వేయాలని ఆ విధంగా నిర్ణయమైంది. మేము ఇదివరకు ఓటర్లను, మరుగుదొడ్లను, ఇంకుడు గుంతలను లెక్కపెట్టి ఉన్నాం గనుక వివరాల నమోదు ఉపాధ్యాయులకు అప్పగించారు. నాకు గొర్రెల కాపరులుండే కురుమవాడ వచ్చింది. సహాయానికి ఆసుపత్రి ల్యాబు టెక్నీషియన్ నవనీతను ఇచ్చారు. గొర్రెల కోసం వేరే యాప్ తయారు చేసే వ్యవధి లేనందువల్ల మనుషుల టీకా యాప్‌నే వాడమన్నారు.

మొదటి రోజు బీరయ్య దొడ్డికి వెళ్లాం. బీరయ్యకు యాభై ఏళ్లుంటాయి. నలభై రెండు జీవాల మంద. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర. మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. పది అడుగుల దూరానికి రెండుసార్లు ఆగి దగ్గాడు.

"బాబాయ్, ఇంకా తగ్గలేదా?" అంది నవనీత.

"నువ్వు గోలీలిస్తె తగ్గుతది బిడ్డా. ఇస్తలేవాయె."

ఆమె నా వైపు చూసింది. దసరా ముందు ఆమే ఇతని తెమడ పరీక్ష చేసింది. సూక్ష్మదర్శినిలో క్షయ క్రిములు కనిపించాయి. కంప్యూటరులో పేరు ఎక్కించబోతే, ఈ మండలం క్షయ నుంచి విముక్తమైనది, కొత్త రోగిని చేర్చుటకు వీలు లేదు అని వచ్చింది. రోగి లేకపోతే మందులు రావు. బీరయ్య పట్నంలో ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోతే, ఆ మందులు సర్కారు ఆసుపత్రిలోనే ఉంటాయని పంపేశాడు. పక్క మండలం ఆసుపత్రికి పోతే, ఆధార్ కార్డు చూసి, మీ మండలంలో ఈ జబ్బు లేదు కదా అని పంపేశారు. అప్పటికి అతని బరువు నలభై ఒక్క కిలోలు. ఆరు నెలలు మందు పడితే బతికే మనిషి. పడకపోతే ఏమవుతుందో అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

నేను ఫోను తీసి వివరాలు అడగడం మొదలుపెట్టాను. అతని భార్య కనకవ్వ మొదటి గొర్రెను పట్టుకొచ్చింది. ముఖం మీద తెల్ల మచ్చ ఉన్న గొర్రె.

"పేరు?"

"బొల్లి" అంది కనకవ్వ.

"తండ్రి పేరు?"

బీరయ్య ఆలోచించాడు. "అయిలయ్య మందల కొమ్ములు తిరిగిన పొట్టేలు ఉండె గద సారు, గదే. పోయినేడు సచ్చిపోయింది."

తండ్రి పేరుకు ముందు కీర్తిశేషులు అని చేర్చాను.

"పెళ్లయిందా?"

"మూడు ఈతలు ఈనింది సారు. ఇంక పెండ్లెందుకు?" అంది కనకవ్వ.

"వృత్తి?"

"మేసుడు."

యాప్‌లో ఆ మాట లేదు. ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నది వ్యవసాయ అనుబంధ కార్యకలాపం. అది ఎంచుకున్నాను. చదువు అన్నచోట నిరక్షరాస్యత అని పెట్టాను. నాలాగే మిగతా ఉపాధ్యాయులూ పెట్టారు. నెల తిరక్కుండానే వయోజన విద్యాశాఖ నుంచి, మీ మండలంలో నిరక్షరాస్యులు ఒక్కసారిగా రెట్టింపు కావడానికి కారణాలు తెలియజేయమని తాఖీదు వచ్చింది. అది వేరే కథ.

చివరి గడి దగ్గర ఆగిపోయాం. అందులో లబ్ధిదారు స్వచ్ఛంద సమ్మతి ఉండాలి. అది లేకుండా యాప్ ముందుకు కదలదు. గొర్రె కాలి ముద్రను ఫోను ఒప్పుకోలేదు.

"సమ్మతే గద సారు?" అన్నాడు బీరయ్య. "గొర్రెనే అడుగుదం."

చెంబులో నీళ్లు తెచ్చి బొల్లి వీపు మీద చల్లాడు. బీరప్ప దేవుడికి పొట్టేలును ఇచ్చే ముందు అక్కడ అలాగే చేస్తారు. పసుపు నీళ్లు చల్లితే, అది ఒళ్లు విదిలించిందంటే ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా కత్తి ఎత్తరు. బొల్లి తల నుంచి తోక దాకా ఒళ్లు విదిలించింది. నా కళ్లద్దాల మీద నీళ్లు పడ్డాయి. నేను సమ్మతి అన్నచోట నొక్కాను.

ఈ పద్ధతి రెండు రోజుల్లో పురందర్ గారికి తెలిసింది. ఆయనకు ఎంతో నచ్చింది. లబ్ధిదారుల సాంస్కృతిక నేపథ్యాన్ని గౌరవిస్తూ జల ప్రోక్షణానంతర దేహ కంపనమును లిఖితపూర్వక సమ్మతితో సమానముగా పరిగణించవలసిందిగా ఉత్తర్వు ఇచ్చారు. మండలమంతా చెంబులు తీసుకొని బయలుదేరాం. రెండు వందల పదమూడు గొర్రెలు ఎన్ని నీళ్లు చల్లినా కదలలేదు. వాటిని అవగాహన కల్పించవలసిన లబ్ధిదారుల జాబితాలో పెట్టి, విడిగా ఒక సదస్సు జరిపారు. పురందర్ గారు ఇరవై నిమిషాలు మాట్లాడారు. మధ్యలో వాన పడింది. అన్నీ ఒళ్లు విదిలించాయి.

సదస్సు అయిన మూడో రోజు కురుమవాడలో పంచాయితీ అయింది. నీళ్లు చల్లితే ఒప్పుకున్న జీవం దేవుడిది. దాన్ని మళ్లీ మందలో కలపడం తప్పు. కుల పెద్ద రామచంద్రం గట్టిగా పట్టుబట్టాడు. "ఒప్పుకున్నదాన్ని ఇంటికి తోలుకపోతరా? దేవుని తోటి పరాచికాలా?" అన్నాడు. ఆ లెక్కన మండలంలో ఉన్న గొర్రెలన్నిటినీ కోయాలి. కనకవ్వ బొల్లి మెడ చుట్టూ చేతులు వేసి కూర్చుంది.

బీరయ్య దగ్గు ఆపుకొని లేచాడు. "మామా, ఇవి దేవునికి ఒప్పుకోలే. సర్కారుకు ఒప్పుకున్నయి. దేవుని దగ్గర కత్తి ఉంటది, సర్కారు దగ్గర సూదే ఉన్నది. పొడిసినంక ఇడిసిపెడతది."

పెద్దలు చాలాసేపు ఆలోచించి, సర్కారుకు ఒప్పుకున్న జీవాన్ని మందలో కలపవచ్చని తీర్పు చెప్పారు.

టీకాలు వేయడం పూర్తయింది. నవంబరు మొదటి వారంలో తనిఖీ. టీకా వేసిన చోట చిన్న మచ్చ పడాలి. మచ్చ కనిపిస్తేనే టీకా వేసినట్టు. గొర్రెల మచ్చలు ఉన్నికింద ఉన్నాయి గనుక కనిపించలేదు. పారదర్శకత కోసం ఉన్ని కత్తిరించమని ఉత్తర్వు వచ్చింది. చలికాలంలో గొర్రెల ఉన్ని కత్తిరించకూడదని కురుమలు మొత్తుకున్నారు. ఉత్తర్వులో చలికాలం ప్రస్తావన లేదని సమాధానం వచ్చింది. కత్తిరించారు. వారం రోజుల్లో గొర్రెలకు జలుబు చేసింది. అవి దగ్గడం మొదలుపెట్టాయి.

దగ్గు వినగానే పురందర్ గారి ముఖం వెలిగింది. "చూశారా. నేను మొదటే చెప్పాను, ఎక్కడో ఒకచోట ఆశ్రయం పొంది ఉంటుందని." 

నియమం ప్రకారం రెండు వారాలు దాటి దగ్గే ప్రతి లబ్ధిదారు తెల్లవారుజామున తీసిన తెమడను మూత ఉన్న డబ్బాలో ఇవ్వాలి. గొర్రెలు ఉమ్మవు. ఈ విషయం పైకి రాశాం. పైనుంచి వివరణ వచ్చింది. పసిపిల్లలు, స్పృహలో లేనివారు, స్వయంగా నమూనా ఇవ్వలేని ఇతర లబ్ధిదారుల విషయంలో సంరక్షకుని సహకారంతో నమూనా సేకరించవచ్చును.

బీరయ్య మందలో దగ్గేవి పదకొండు. పదకొండు డబ్బాలు ఇచ్చి వచ్చాం. మర్నాడు పొద్దున అన్నీ నిండి ఉన్నాయి.

"ఎట్లా పట్టారు బాబాయ్?" అంది నవనీత.

"సంరక్షకుడే ఇయ్యమన్నరట గద. బొల్లికి నేనిచ్చిన. నాకు దమ్ము సరిపోలే. తక్కిన పదింటికి మీ చిన్నమ్మ ఇచ్చింది."

మధ్యాహ్నం నవనీత పాఠశాలకు వచ్చింది. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను. వరండాలో నిలబడి, ట్యాంకు వైపు చూస్తూ చెప్పింది. "పదింట్లో ఏమీ లేదు సార్. కనకవ్వ చిన్నమ్మ బాగానే ఉంది. బొల్లికి మాత్రం వచ్చింది."

"బొల్లికి."

"డబ్బా మీద ఆ పేరే ఉంది సార్. కంప్యూటరు కూడా తీసుకుంది. గొర్రెల్లో మన మండలం ఇంకా విముక్తం కాలేదు కదా."

"మందులు?"

"సోమవారం వస్తాయి. నెలనెలా, ఆరు నెలలు." నా వైపు తిరిగింది. "మనుషులవే సార్. గొర్రెలకు వేరే తయారు చేయలేదు."

 నేను తరగతిలోకి వెళ్లి పాఠం మొదలుపెట్టాను.

చికిత్స డిసెంబరు పద్నాలుగున మొదలైంది. మొదటి చిక్కు బరువు దగ్గర వచ్చింది. ముప్పై అయిదు కిలోలు దాటితే రోజుకు మూడు మాత్రలు, లోపైతే రెండే. బొల్లి ఇరవై తొమ్మిది కిలోలు. బీరయ్యకు మూడు కావాలి. తూకం రోజున బొల్లి గొంగడి కప్పుకొని వచ్చింది.

"గొంగడి ఎందుకు?" అన్నాడు తూకం వేసే సూపర్‌వైజరు.

"ఉన్ని మీరే కోసిరి గద సారు. సలి పెడతది" అంది కనకవ్వ.

"తడిగా ఉందేం?"

"మంచు వడ్డది."

బొల్లి ముప్పై ఎనిమిది కిలోలు తూగింది. మూడు మాత్రలు రాశారు.

రోగి మందు మింగడం ఒక బాధ్యతగల వ్యక్తి రోజూ కళ్లారా చూసి సంతకం చేయాలి. బొల్లికి ఆ బాధ్యతగల వ్యక్తిగా నన్ను నియమించారు. రోజూ బడికి పోయే ముందు దొడ్డికి వెళ్లేవాణ్ణి. బీరయ్య మూడు మాత్రలు నోట్లో వేసుకొని నీళ్లు తాగేవాడు. కనకవ్వ బొల్లికి బెల్లం ముక్క పెట్టేది. అది దవడలు ఆడిస్తుండగా నేను ఫొటో తీసి పంపేవాణ్ణి. రోగి సహకారం సంతృప్తికరంగా ఉందని రాసేవాణ్ణి. అది అబద్ధం కాదు.

పోషకాహారం కింద నెలకు ముప్పై గుడ్లు, రెండు కిలోల పల్లీ పట్టీలు వచ్చాయి. సూపర్‌వైజరు ఒకసారి గుడ్ల సంగతి అడిగాడు. "గొర్రె గుడ్లు తింటుందా?"

"పచ్చియి తినది" అన్నాడు బీరయ్య. "ఉడుకవెడితే తింటది. ఉప్పు కారం ఉండాలె."

అతను రాసుకున్నాడు. తర్వాత పట్టిక చూసి అడిగాడు. "మందు పని చేస్తుంటే మూత్రం ఎర్రగా రావాలి. వస్తుందా?"

"వస్తది సారు. మొదటి దినం నేనే జడుసుకున్న."

"నువ్వెందుకు జడుసుకున్నావు?"

"నా జీవమాయె."

జనవరి చివర పురందర్ గారు స్వయంగా రోగిని పరామర్శించడానికి వచ్చారు. బొల్లి మెడ నిమిరారు. దానికి ఒక మాస్కు తొడిగి ఫొటో దిగారు. ఫొటో అయ్యాక బొల్లి మాస్కును తినేసింది. ఆయన తిరిగి జీపు ఎక్కబోతుండగా బీరయ్య దగ్గాడు. దగ్గు అప్పటికి తగ్గుముఖం పట్టింది గానీ పూర్తిగా పోలేదు. ఆయన ఆగి, నన్ను పక్కకు పిలిచారు.

"ఈ మనిషికి దగ్గు ఉన్నట్టుంది."

"ఉంది సార్."

"అతన్ని గొర్రెకు కొంచెం దూరంగా ఉండమనండి. రోగి కోలుకుంటున్న దశలో ఉంది. ఇతని వల్ల ఏదైనా అంటుకుంటే మన ఫలితాలు దెబ్బతింటాయి."

చెబుతానన్నాను.

మార్చి వచ్చేసరికి బీరయ్య నలభై ఆరు కిలోలకు వచ్చాడు. మందను వాగు దాకా తోలుకుపోయి, ఆగకుండా తిరిగి వస్తున్నాడు. ఇంకా మూడు నెలల మందు మిగిలి ఉంది. మధ్యలో ఆపితే జబ్బు మొదటికన్నా మొండిదై తిరిగొస్తుందని నవనీత రోజూ చెప్పేది. బీరయ్య నవ్వేవాడు. "ఆపుడెందుకు బిడ్డా. బొల్లి గట్టిగున్నది."

మార్చి పన్నెండున ఉత్తర్వు వచ్చింది. గొర్రెల విషయంలో కూడా మండలమును ఈ నెల ముప్పై ఒకటవ తేదీన క్షయ విముక్తముగా ప్రకటించుటకు నిర్ణయించడమైనది. ప్రస్తుతం జాబితాలో ఉన్న ఏకైక రోగిని ఆ తేదీలోగా శాస్త్రీయ పద్ధతిలో నిష్క్రమింపజేయవలెను.

ఆ మాటకు అర్థమేమిటని మండల కార్యాలయంలో అడిగాను. ఆరడుగుల గొయ్యి, రెండు బస్తాల సున్నం అన్నాడు గుమాస్తా. 

"చికిత్స నడుస్తోంది కదా" అన్నాను పురందర్ గారితో. "జూన్‌లో పూర్తవుతుంది. అప్పటికి రోగి ఎలాగూ నయమవుతుంది."

"మాస్టారూ, మీరు ఒక్క జీవి కోణంలో చూస్తున్నారు. మేము మండలం కోణంలో చూడాలి. జూన్‌లో వచ్చే సున్నా వచ్చే సంవత్సరం లెక్కలోకి పోతుంది. ఒక్క రోగి వల్ల ఇంత పెద్ద ప్రాంతం సున్నాకు దూరం కావడం న్యాయమా, మీరే చెప్పండి."

ఈ వాక్యం నేను అంతకు ముందు ఒకసారి విన్నాను. పోయిన సంవత్సరం మండలంలో ఏకైక రోగి నా భార్య వసుంధర. మండలాన్ని ప్రకటించవలసిన తేదీ దగ్గర పడిందని, మూడో నెలలో ఆమె మందులు వెనక్కి తెప్పించుకున్నారు. రోగి నయమైనట్టు రిజిస్టరులో రాశారు. బృందం వచ్చింది రెండో తేదీన. ఆమె పోయింది పదకొండున. మరణ ధ్రువపత్రంలో శ్వాసకోశ ఇబ్బంది అని ఉంది. చూపించిన చోట నేను సంతకం చేశాను. అప్పుడు నాకు నియమాలు తెలియవు. అడిగితే చెప్పేవారూ లేరు.

ఆ సాయంత్రం నవనీత దగ్గర నియమావళి తీసుకొని మొదటి పుట నుంచి చదివాను. నూట అరవై రెండు పుటలు. నూట పద్దెనిమిదో పుటలో కావలసింది దొరికింది. చికిత్స పొందుతూ వేరే ప్రాంతానికి వలస వెళ్లే రోగిని ఆ ప్రాంతానికి బదిలీ చేయవలెను. బదిలీ అయిన రోజు నుంచే పాత ప్రాంతం జాబితాలో ఆ పేరు ఉండదు. కొత్త ప్రాంతం వారు మందులను నిరాటంకంగా కొనసాగించవలెను.

మర్నాడు ఆయన భాషలోనే మాట్లాడాను. "సార్, గొయ్యి తవ్వితే మరణం నమోదవుతుంది. సున్నా పక్కన ఒక మరణం కనిపిస్తుంది. బదిలీ చేస్తే రోగీ ఉండదు, మరణమూ ఉండదు. సున్నా శుభ్రంగా ఉంటుంది."

పురందర్ గారు కలం తీశారు. "ఇన్నాళ్లూ మీరు బడిలో ఎందుకున్నారు మాస్టారూ?" అన్నారు. వెంటనే సంతకం చేశారు.

బీరయ్యకు చెప్పడానికి పోతే అతను మొత్తం వినలేదు. "ఎండకాలం మంద తోటి ఎట్లన్న పోయేదే సారు. వారం ముందు పోతం, అంతే గద." కనకవ్వ వంట సామాను గాడిద మీదికి ఎక్కించింది. మార్చి ఇరవై ఆరున మంద వాగు దాటింది. ముప్పై ఒకటిన మండల కార్యాలయంలో మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను.

వారం తిరక్కుండా పక్క మండలం అధికారి ఫోను చేశాడు. "మాస్టారూ, మీ గొర్రె మా మండలంలోకి ఎందుకొచ్చింది?"

"వలస అండి. నూట పద్దెనిమిదో పుట."

"మాకు ఏప్రిల్ పదిహేనున ప్రకటన ఉందండీ. బ్యానర్లు కూడా రాయించాం. ఒక్క గొర్రె కోసం మా పరువు పోవాలా?"

"మందులు ఇచ్చి, ముందుకు బదిలీ చేయవచ్చు."

"ఎంత ముందుకు?"

"అది మీ ఇష్టం."

నెల రోజుల మందు ఇచ్చి, మందను రెండు ట్రాక్టర్లలో ఎక్కించి, సరిహద్దు దాటించారు. దానికి అవతలి మండలం వాళ్లకు మే మొదటి వారంలో ప్రకటన. వాళ్లు ఇంకో నెల మందు, రెండు బస్తాల ఉలవలు ఇచ్చి లారీ మాట్లాడారు. మూడో మండలంలో పోలీసు జీపు ముందు నడిచిందట. నాలుగో మండలంలో సరిహద్దు దగ్గరే శిబిరం వేసి, మంద అడుగు పెట్టకముందే మందు అందించి, అటునుంచి అటే సాగనంపారు. కనకవ్వ ఏదో ఊరినుంచి ఫోను చేసింది. "మా పెండ్లిల గూడ ఇంత మర్యాద జెయ్యలే సారు."

"బీరయ్య మందు వేసుకుంటున్నాడా?"

"ఏసుకుంటుండు. గోలీలు ఎక్కువైనయి. ఎక్కడికి పోయినా ఇస్తనే ఉన్నరు."

జూన్ పద్నాలుగున ఆరో మండలంలో బొల్లి చివరి తెమడ పరీక్ష జరిగింది. ఏమీ లేదు. నయమైనట్టు రాశారు. ఈ విజయం ఎవరి ఖాతాలోకి వస్తుందన్న దాని మీద ఆరు మండలాలూ జిల్లాకు ఉత్తరాలు రాశాయి. బొల్లిని తమ గడ్డ మీదికి రానివ్వకూడదని ప్రయత్నించిన ప్రతి మండలమూ, అది తమ గడ్డ మీదనే కోలుకుందని నివేదిక పంపింది. పురందర్ గారికి పదోన్నతి వచ్చింది. పోతూ పోతూ ఈ సంవత్సరపు కార్యక్రమానికి ఆమోదం తెచ్చి పోయారు. ఈసారి మేకలు.

తొలకరి పడ్డాక బీరయ్య తిరిగొచ్చాడు. మధ్యాహ్న భోజనం వేళ పాఠశాలకు వచ్చాడు. గేటు నుంచి వంటశాల దాకా ఎక్కడా ఆగలేదు. యాభై మూడు కిలోలు ఉన్నానని తనే చెప్పాడు. వంటశాల అవతల నిలబడ్డ వంటమనిషి రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గింది. ఆమె నెల రోజులుగా దగ్గుతోంది. వారం కిందట నవనీత పరీక్ష చేసింది. ఫలితం కాగితం మీద రాయలేదు, నాకు నోటితోనే చెప్పింది. అప్పటినుంచి రాజవ్వ వంట చేయడం లేదు, దూరంనుంచి వడ్డన చూసుకుంటోంది. ఆరోజు ఆమెను బడి వెనక చెట్టు కిందికి పిలిచి బీరయ్య ముందే సంగతంతా చెప్పాను. జబ్బు, మందు, మండలంలో ఏది ఉన్నదో ఏది లేదో, అన్నీ.

ఆమె అంతా విన్నది. 

"నాకు మేకలు లెవ్వు సారు" అంది చివరికి. "కోడిపిల్ల గూడ లేదు."

"నా మందల ముందట నడిచేటియి రెండు మేకలే గద అక్కా" అన్నాడు బీరయ్య. "ఒకటి నీ పేర రాయిస్త. మంచిది, మెత్తగుంటది." కర్ర చంక కింద పెట్టుకొని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "కని ఒక్క మాట. ఆర్నెల్లు దినాం పొద్దుగాల దొడ్డికి రావాలె. గోలీలు ఏసుకుంటె కడుపుల తిప్పుతది, ఒళ్లు మండుతది, ఇగ వద్దనిపిస్తది. అయినా రావాలె. ఒక్క దినం తప్పినా మేక బతకది."